గడ్డం దించిన ఫోటో

మూడోసారీ ఎర్ర అక్షరాలే వచ్చాయి.

వీసా సెంటరాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కంప్యూటరు వైపు ఒకసారి, ఎదురుగా కుర్చీలో కూర్చున్న వ్యానక్క వైపు ఒకసారి చూశాడు. చూసి మళ్ళీ కంప్యూటరు వైపే తిరిగాడు. మనిషితో కంటే దానితో మాట్లాడటమే ఆయనకు సులువుగా ఉన్నట్టుంది.

"మొహం సరిగా లేదంటోందమ్మా. రెండు కళ్ళూ తెరిచి ఉన్న ఫోటో పెట్టమంటోంది."

"తెరిచే ఉన్నాయి కదండీ," అంది వ్యానక్క.

"నాకు తెలుస్తోంది. దానికి తెలియాలిగా."

వ్యానక్క ఎడమ కనురెప్ప పుట్టినప్పటి నుంచీ సగానికే లేస్తుంది. ఆ సగంలోంచి ఆమెకు లోకమంతా పూర్తిగానే కనిపిస్తుంది. బడి పిల్లల వ్యాను నడుపుతుంది. ఏటా కళ్ళ డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టి, గోడ మీది చిట్టచివరి వరుస చదివించి, బండి నడపొచ్చని సంతకం పెడతాడు. కొత్తగా చేరిన పిల్లలు మాత్రం ఎడమవైపు కూర్చుంటే ఈవిడకి కనపడమనుకుని అక్కడే చేరి జుట్లు పీక్కుంటారు, సీటు కవర్లు చింపుతారు. "మూడో సీటూ, ఆ చెయ్యి తియ్!" అని అద్దంలో చూస్తూ ఆమె ఒక్క కేక పెట్టాక గానీ వాళ్ళ భ్రమ తొలగదు. వ్యానక్క అన్న పేరు పెట్టింది ఆ పిల్లలే. అది బడి దాటి వీధిలోకి, వీధి దాటి ఇంట్లోకీ వచ్చేసింది. కోపం వస్తే కన్నతల్లి కూడా అలాగే పిలుస్తుంది.

వెనకాల తమ్ముడు నిలబడి ఉన్నాడు. టోపీ తీసి, బుర్ర గోక్కుని, ఎవరైనా చూశారేమోనని గబుక్కున మళ్ళీ పెట్టుకుంటున్నాడు. అతని దరఖాస్తు, అతని భార్యది, అమ్మది చిటికెలో వెళ్ళిపోయాయి. ఆగిపోయింది ఈ ఒక్కటే.

ఈ ప్రయాణం అసలు అమ్మ కోసం. అమ్మ వయసంతా ఐసు ఫ్యాక్టరీలోనే గడిచిపోయింది. ఉప్పునీటి తొట్టిలోంచి పైకి తీసిన డబ్బాలు బోర్లించి, జారిపడ్డ దిమ్మల్ని కొక్కెంతో లాగి, భుజం మీద గోనెపట్టా వేసుకుని లారీలకెత్తిన మనిషి. ఈమధ్య టీవీలో ఎక్కడో మంచు కురుస్తుంటే చూసి, "మొయ్యక్కర్లేని మంచు ఎలా ఉంటుందో ఒక్కసారి చూస్తే బాగుండును," అంది. ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి అడిగిందని అక్కా తమ్ముడూ పరుగులు పెట్టారు. బడి సెలవులు చూసుకుని టికెట్లు కొన్నారు. అమ్మ మోకాళ్ళు వ్యానక్క చెయ్యి పట్టుకోనిదే ఒక్క మెట్టు కూడా ఎక్కవు. కాబట్టి ఆమె కదలకపోతే అమ్మ కదలదు. ఆ దేశం వీసాకి ఏ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదనీ, ఆన్‌లైన్లో పెట్టేస్తే అంతా కంప్యూటరే చూసుకుంటుందనీ తమ్ముడు గొప్పగా చెప్పాడు.

"కంప్యూటరే చూసుకుంటుందన్నావుగా. చూసుకుంది," అంది వ్యానక్క వెనక్కి తిరక్కుండానే.

"పోనీ ఓ పని చేద్దామమ్మా," అన్నాడు సెంటరాయన. "ఆ రెప్పని వేలితో కాస్త పైకి పట్టుకోండి. నేను ఫోన్లో తీస్తాను. వేలు తర్వాత చెరిపేద్దాం."

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. వ్యానక్కకు ఒళ్ళు మండిపోయింది. "నా కన్ను తలుపనుకున్నారా, వేలితో తెరవడానికి?" అని లేచి నిలబడింది. సెంటరాయన నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. తర్వాత తమ్ముణ్ణి పక్కకు పిలిచి గొంతు తగ్గించి, "స్టూడియోవాళ్ళకి చెబితే సరిచేసిస్తారండీ, చిన్న పని," అన్నాడు. తమ్ముడు తల ఊపాడు. వ్యానక్క కన్ను సగమే గానీ చెవులు రెండూ పూర్తిగా పనిచేస్తాయి. గుమ్మం దాటుతూ ఆ మాట విని, విననట్టే వెళ్ళి బండెక్కింది.

మర్నాడు పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపి, వ్యానును తిన్నగా స్టూడియో ముందు ఆపింది. వాళ్ళింట్లో అందరికీ ఎప్పుడు ఫోటో కావలసివచ్చినా అక్కడికే. అదే ఎత్తు స్టూలు, అదే నీలం తెర, గోడ అద్దం పక్కన దారంతో కట్టేసిన అదే దువ్వెన. స్టూడియో ఆయన లైట్లు వేసి కెమెరా వెనక నిలబడ్డాడు.

"గడ్డం కొంచెం పైకమ్మా. ఇంకొంచెం. కనుబొమలెత్తు. ఆఁ, అలాగే ఉండు."

చెప్పక్కర్లేదు. ఫోటో అంటే వ్యానక్కకు చిన్నప్పటి నుంచీ ఒక చాకిరీ. గడ్డం ఎత్తాలి, కనుబొమలు నెత్తి మీదికి లాగాలి, మెడ నరాలు బిగబట్టాలి, ఇన్ని చేసి ఆపైన నవ్వాలి. అలా చేస్తే రెప్ప ఇంకాస్త లేస్తుందని తనే అద్దం ముందు కనిపెట్టింది. ఫలితమూ కనిపించేది. తమ్ముడి పెళ్ళిలో తీసిన ఫోటో హాల్లో గోడకు వేలాడుతోంది. అందులో రెండు కళ్ళూ ఒక్కలాగే ఉన్నాయి. ఆ రోజు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నిలబడ్డాను కాబట్టి వచ్చింది అనుకునేది. ఎవరైనా ఫోన్లో తీసిన వాటిలో కన్ను వాలి కనిపిస్తే, సరిగ్గా నిలబడలేదని తనను తానే తిట్టుకుని, బతిమాలి చెరిపించేది.

ఫోటో తీసి ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెర మీద ఆమె మొహం వచ్చింది. మెడ నరాలు తేలి, నవ్వు బిగుసుకుపోయి, రెప్ప మాత్రం తన చోట తాను నిమ్మళంగా ఉంది.

"ఎప్పట్లాగే చేసెయ్యనా?" అన్నాడాయన.

"ఎప్పట్లాగే అంటే?"

ఆయన చెప్పలేదు, చేసి చూపించాడు. మౌసుతో కుడికన్ను చుట్టూ ఓ గీత గీశాడు. దాన్ని లేపి, అటుది ఇటు తిప్పి, తీసుకొచ్చి ఎడమకన్ను మీద పెట్టాడు. అంచులు మెత్తగా అలికాడు. చూస్తుండగానే అయిపోయింది. తెర మీద ఇప్పుడు ఇంకో ఆడమనిషి ఉంది. ఇంట్లో గోడ మీద ఉన్నది ఈవిడే.

వ్యానక్క తెర దగ్గరికి వంగింది.

"ఎప్పటినుంచి చేస్తున్నారిది?"

"ఎప్పటినుంచేమిటమ్మా, మొదట్నుంచీ. కంప్యూటర్లు రాకముందు నెగెటివు మీద పెన్సిలుతో దిద్దేవాణ్ణి. దానికెంత ఓపిక కావాలో తెలుసా? ఇప్పటివాళ్ళకి చేతకాదది." ఆయన మొహంలో పనిమంతుడి గర్వం కనిపించింది.

"మా తమ్ముడి పెళ్ళిలో తీసింది?"

"అదీ అంతే."

"నా పెళ్ళి మాటలప్పుడు తీసింది?"

అప్పటికి ఆయన చెయ్యి ఆగింది. కుర్చీ సగం తిప్పి ఆమె వైపు చూశాడు. "నీకు తెలుసనుకున్నానమ్మా," అన్నాడు చిన్నగా. "మీ తమ్ముడే వచ్చి చెప్పేవాడు. అక్క బాధపడుతుంది, కన్ను సరిచేసి ఇవ్వండి, అక్కకి మాత్రం చెప్పకండి అని."

ఆ ఫోటో చూసి ఇష్టపడి రెండు కుటుంబాలు ఇంటికొచ్చాయి. ఆమె ఎదురుగా వచ్చి నిలబడగానే ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మంచినీళ్ళు తాగి, కబురు చేస్తామని లేచారు. రెండుసార్లూ అదే తంతు. వాళ్ళు వెళ్ళాక ఆమె అద్దం ముందు నిలబడి, ఫోటోలో ఎత్తినంత గడ్డం ఇవాళ ఎందుకు ఎత్తలేకపోయానా అని తన మెడను తానే తిట్టుకుంది. తర్వాత వచ్చినవాళ్ళు లేరు. వ్యాను కొనుక్కుంది.

"తీసెయ్యండది," అంది.

"ఏది?"

"నా మొహాన పెట్టిన ఆ కన్ను."

ఆయన తీసేశాడు. "మంచికే చేశానమ్మా," అన్నాడు.

"ఎవరి మంచికి? ఆ వచ్చినవాళ్ళని మోసం చేసింది నేననే కదా వాళ్ళంతా అనుకుని ఉంటారు!" ఆమె గొంతు స్టూడియో దాటి వీధిలోకి వినిపించింది. తలుపు విసురుగా తోసుకుని బయటికొచ్చి వ్యానెక్కింది. ఎదురుగా ఏ బండీ లేదు. అయినా హారను మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

సాయంత్రం తమ్ముడూ మరదలూ ప్లాస్టిక్ కవరు పట్టుకుని ఇంటికొచ్చేసరికి, హాల్లో గోడ మీద మేకు ఒక్కటే ఉంది. పెళ్ళిఫోటో భోజనాల బల్ల మీద, కంచాల మధ్య వెల్లకిలా పడుకుని ఉంది. తమ్ముడు దాన్ని గమనించే తీరుబడిలో లేడు.

"వీసాలొచ్చేశాయక్కా!" అన్నాడు గుమ్మంలోంచే. "అమ్మది, నాది, దీనిది. ప్రింటు కూడా తీయించాను. నీదీ కంప్యూటరు తీసుకుంది. ఈసారి ఒక్క దెబ్బకే! రేపో ఎల్లుండో అదీ వచ్చేస్తుంది."

"ఏ ఫోటో పెట్టావు?"

"నా దగ్గర పాతది ఉందిగా, స్టూడియోలో తీసింది."

"ఎవరిది?"

"అదేంటక్కా, నీదే!"

వ్యానక్క బల్ల మీది ఫోటోను అతని వైపు తోసింది. "ఈవిడదా?"

తమ్ముడు ఫోటో చూశాడు, గోడ మీది మేకు చూశాడు, అక్క మొహం చూశాడు. కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "నీ కోసమే కదక్కా," అన్నాడు.

"నా కోసమే అయితే నాకు చెప్పేవాడివి."

"చెబితే బాధపడతావని."

"ఇప్పుడు పళ్ళికిలిస్తున్నానా? ఒరేయ్, ఆ వచ్చినవాళ్ళు లేచి పోతుంటే నువ్వు ఈ గుమ్మంలోనే నిలబడ్డావు. ఎందుకు పోతున్నారో నీకు తెలుసు. స్టూడియో ఆయనకి తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియందల్లా నాకొక్కదానికి. నా మెడ సరిగ్గా లేవలేదనుకుని ఇన్నేళ్ళూ ఏడ్చాను రా!"

మరదలు మెల్లగా వచ్చి వ్యానక్క పక్కన కూర్చుంది. "ఆయన చేసింది తప్పే వదినా. ఎవరూ కాదనరు. కానీ ఇప్పుడు మళ్ళీ మొదటికొస్తే ప్రయాణం ఆగిపోతుంది. టికెట్లు మార్చరట. అక్కడ వాళ్ళు చూసేది ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణం నువ్వు కాస్త గడ్డం..." అని, వదిన చూపు చూసి అక్కడితో ఆగిపోయింది.

"ఎత్తను," అంది వ్యానక్క. "ఈ జన్మకి ఎత్తను."

అమ్మ బల్ల దగ్గరే కూర్చుని ఉంది. తన పాటికి తాను తింటోంది. తినడం అయ్యాక చెయ్యి కడుక్కుని, చీర కొంగుకు తుడుచుకుని, "నాదేదో వచ్చిందన్నావే, ఇలా ఇవ్వు," అంది కొడుకుతో. కాగితం అందుకుని, చెయ్యి బారుగా చాచి, దీపం వైపు తిప్పి చూసింది.

"ఎవరీవిడ?"

"నువ్వేనమ్మా," అన్నాడు తమ్ముడు.

అమ్మ చెయ్యి దానంతటదే కుడిచెంప మీదికి వెళ్ళింది. అక్కడ చెంపంతా పరుచుకున్న మచ్చ ఉంది. ఫ్యాక్టరీలో గొట్టం పగిలి అమ్మోనియా గ్యాసు కొట్టినప్పుడు కాలింది. చర్మం అక్కడ తెల్లబడి, ముడుచుకుపోయి, ముట్టుకుంటే గరుగ్గా ఉంటుంది. కాగితం మీది చెంప మాత్రం నున్నగా ఉంది.

"మచ్చే కదా అని స్టూడియోలో తీయించాను. బాగుంటుందని..." అన్నాడు తమ్ముడు.

"ఆ రోజు యజమాని వచ్చి చూశాడు," అంది అమ్మ. గొంతు పెంచలేదు. ఎవరికో దారి చెబుతున్నట్టు నిదానంగా చెప్పింది. "మచ్చే కదా, పోతుందిలే అన్నాడు. ఏమీ జరగలేదని వేలిముద్ర వేయించుకున్నాడు. అందరూ జరగలేదనే అన్నారు. ఇది పోలేదు కాబట్టి, జరిగిందని నాకైనా నమ్మకం ఉంది. ఇప్పుడు నువ్వు అదీ లేదంటున్నావు."

అమ్మ కాగితాన్ని మడవకుండా, నలగకుండా, కొడుకు ముందుకు జరిపింది.

"ఈవిడకి వీసా ఇచ్చారుగా. ఈవిణ్ణే తీసుకెళ్ళి మంచు చూపించి తీసుకురండి. నేనింట్లో ఉంటాను."

మరదలికి ఫక్కున నవ్వొచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తమ్ముడికి మాత్రం నవ్వు రాలేదు. వ్యానక్క తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తను పొద్దుట్నుంచీ అరిచిన అరుపులన్నీ ఒక ఎత్తు, ఆవిడ ఆ కాగితం జరపడం ఒక ఎత్తు అనిపించింది.

మర్నాడు తల్లీ కూతుళ్ళిద్దరూ కలిసి స్టూడియోకి వెళ్ళారు. వ్యానక్క స్టూలెక్కి కూర్చుంది. "గడ్డం..." అని అలవాటుగా మొదలుపెట్టి స్టూడియో ఆయన నాలుక కరుచుకున్నాడు. ఆమె మెడ సడలించి, అద్దంలో పిల్లల్ని చూసేటప్పుడు ఎలా చూస్తుందో అలా కెమెరాలోకి చూసింది. నవ్వలేదు. తర్వాత అమ్మ కూర్చుంది.

"దేన్నీ ముట్టుకోవద్దంటారా?" అన్నాడాయన.

"మొహం ఇంట్లోనే కడుక్కుని వచ్చాను. నువ్వు మళ్ళీ కడగక్కర్లేదు," అంది అమ్మ.

ఫోటోలు తీసుకుని సెంటరుకెళితే, తమ్ముడూ మరదలూ కూడా అక్కడికే వచ్చారు. వీసా సెంటరాయన అంతా విని కళ్ళజోడు నుదుటి మీంచి దించుకున్నాడు. "వచ్చిన వీసా వద్దనేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానమ్మా. మళ్ళీ రుసుము కట్టాలి. పాతవి రద్దు చేయమని అడగాలి. ఆలస్యమైతే నన్ననకండి."

"అననులెండి. కానివ్వండి," అంది వ్యానక్క.

"మీదీ మార్చుకోకూడదూ?" అంది మరదలు మొగుడితో.

"నాదేముంది మార్చడానికి!" అని తమ్ముడు టోపీ సర్దుకున్నాడు.

అమ్మ దరఖాస్తు మచ్చతో సహా వెళ్ళిపోయింది. యంత్రానికి మచ్చల పట్టింపు లేదు. వ్యానక్కది పెట్టగానే మళ్ళీ ఎర్ర అక్షరాలు. సెంటరాయన 'నేను చెప్పానా' అన్నట్టు చేతులు తిప్పాడు. వ్యానక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అక్కడ మనుషులెవరూ ఉండరా? చెప్పుకోవడానికి ఒక్కరైనా?"

ఆయన పేజీని కిందికి కిందికి జరుపుతూ పోయాడు. అట్టడుగున, చీమల బారులా ఉన్న అక్షరాల్లో సహాయం కోసం రాయమని ఒక చిరునామా ఉంది. "ఇక్కడేదో ఉంది. ఎవరూ రాయగా నేను చూడలేదు. రాసినా చదువుతారని నమ్మకం లేదు."

"రాయండి. నేను చెబుతాను." ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. "నా ఎడమ రెప్ప పుట్టుకతోనే ఇంతవరకే లేస్తుంది. కన్ను బాగా కనిపిస్తుంది. డాక్టరు రాసిచ్చిన కాగితం దీంతో పెడుతున్నాను. ఫోటోలో తప్పు లేదు. నా మొహంలోనూ తప్పు లేదు. మీ యంత్రానికే కళ్ళ పరీక్ష చేయించండి."

ఆయన అదంతా ఆ దేశం వాళ్ళ భాషలోకి మార్చి కొట్టుకుంటూ పోయి, చివర్లో ఆగాడు. "ఆ ఆఖరి మాట తీసేద్దామామ్మా?"

వ్యానక్క ఆలోచించింది. "వద్దు. ముందు దయచేసి అని ఒకటి చేర్చండి."

ఇక ఎదురుచూడటమే మిగిలింది. వ్యాను నడుస్తూనే ఉంది. హాల్లో సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. మరదలు ఉన్ని బట్టలు తెచ్చి అమ్మకు తొడిగి చూస్తోంది. అమ్మకు వీసా వచ్చింది, మచ్చతో. "ఇది నేనే," అని ఒప్పుకుని దిండు కింద పెట్టుకుంది. వ్యానక్క తమ్ముడితో మాట్లాడటం మానేసింది. ఏదైనా అడగాలంటే తల్లితో, "ఆ పెద్దమనిషిని అడుగు," అనేది. అతను పక్కనే కూర్చుని, "చెప్పమ్మా ఆవిడకి," అనేవాడు. అమ్మ ఇద్దరికీ చెప్పకుండా టీవీ పెట్టుకునేది. మేకు గోడ మీద అలాగే ఉంది. ప్రయాణం దగ్గరపడుతున్నకొద్దీ వ్యానక్కకు లోపల గుబులు మొదలైంది. తన మొండితనం వల్ల అమ్మ మంచు చూడకుండా పోతుందేమోనన్న భయం ఉంది. ఆ భయంలో ఒకటి రెండుసార్లు ఆ పాత ఫోటోయే ఉంచి ఉంటే ఏం పోయేది అని కూడా అనుకుంది. అలా అనుకున్నందుకు మళ్ళీ తన మీదే చిర్రెత్తుకొచ్చేది.

బడికి సెలవులిచ్చే రోజు, గేటు దగ్గర పిల్లల్ని ఎక్కించుకుంటుంటే ఫోను మోగింది. సెంటరాయన.

"జవాబొచ్చిందమ్మా! మనిషే రాశాడు. కింద పేరు కూడా ఉంది."

"ఏమని?"

"ఒక్క ముక్క. 'ఫోటో సరిపోతుంది, ఇబ్బందికి క్షమించండి' అని. వీసా కూడా దాంతోనే పంపేశారు."

"అంతేనా?"

"అంతే."

ఎగిరి గంతెయ్యాల్సిన మాట. వ్యానక్క మాత్రం స్టీరింగు పట్టుకుని అలా ఉండిపోయింది. ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుని, కళ్ళు పెట్టి చూసి, సరిపోతుంది అన్నారు. అంత చిన్న పని. ఆ ఒక్క ముక్క ఇంట్లోవాళ్ళు ఎవరూ, ఎప్పుడూ అనలేదు. తనూ అనుకోలేదు. దీని కోసమా ఇన్నేళ్ళు మెడ విరుచుకుని నిలబడ్డాను అనుకుంది. స్టీరింగు మీద రెండు చేతులతో ఒక్క చరుపు చరిచింది. హారను మోగి వ్యానంతా నిశ్శబ్దమైంది.

"మేమేం చెయ్యలేదు వ్యానక్కా," అంది ఎడమవైపు మూడో సీటు.

"మీరు కాదులే," అని ఆమె మొహం తుడుచుకుని గేరు వేసింది.

విమానాశ్రయంలో కౌంటరు వెనక ఉన్న అమ్మాయి ఒక్కొక్కరి కాగితాలూ తీసుకుని, ముందు ఫోటో, తర్వాత మనిషి, మళ్ళీ ఫోటో చూస్తోంది. ముందు అమ్మ వెళ్ళింది. అమ్మాయి చూపు కాగితం మీది మచ్చ నుంచి చెంప మీది మచ్చకు వెళ్ళి, తిరిగొచ్చి, చాలనుకుంది. తర్వాత వ్యానక్క. ఆ అమ్మాయి తలెత్తగానే వ్యానక్క మెడ పాత అలవాటు కొద్దీ బిగుసుకోబోయింది. ఆమె దాన్ని బలవంతాన సడలించి, గడ్డం దించి నిలబడింది.

"వెళ్ళండి," అంది ఆ అమ్మాయి. నిజంగానే ఒక్క క్షణం పట్టింది.

మరదలూ దాటింది. తమ్ముడి దగ్గర ఆ అమ్మాయి చెయ్యి ఆగింది.

"టోపీ తీస్తారా సార్?"

తమ్ముడు తీశాడు. నడినెత్తి దాకా ఖాళీ అయిన తల లైట్ల కింద మెరిసింది. కాగితం మీద మాత్రం నుదుటి మీదికి పడుతున్న ఒత్తయిన నల్లటి జుట్టు ఉంది. మొహం రంగు రెండు వంతులు తెల్లబడి ఉంది. కళ్ళ కింద సంచులు లేవు.

"ఇది మీరేనా?"

"నేనేనండీ."

"ఎప్పుడు తీసింది?"

"ఈమధ్యే..." అని నాలుక కరుచుకుని, "కొంచెం పాతది," అన్నాడు.

"కొత్తగా దిగిన ఫోటో పెట్టాలి సార్. అక్కడ మిమ్మల్ని లోపలికి రానివ్వకపోతే వెనక్కి తీసుకురావాల్సింది మేమే." ఆ అమ్మాయి ఫోను ఎత్తింది. పై అధికారి వచ్చాడు. ఆయన కాగితం పట్టుకుని తమ్ముడి చుట్టూ ఒక అడుగు అటూ ఇటూ వేసి చూశాడు. వెనక వరుసలో జనం మెడలు చాచారు. ఎవరో పళ్ళికిలించారు.

నేల మీది గీతకు అవతల అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడిన వ్యానక్కకు, బాగా అయిందనిపించింది. ఇంకాసేపు నిలబెట్టండి అని ఆ అధికారికి చెప్పాలనిపించింది. తనని చూసి సెంటరులో కిసుక్కుమన్నప్పుడు ఎలా ఉంటుందో వీడికీ తెలియాలి. స్టూడియో ఆయన్ని అక్క కన్ను దిద్దమన్న నోటితోనే తన జుట్టూ దిద్దమన్నాడన్నమాట. ఇన్నేళ్ళుగా ఇల్లంతా తనదొక్కటే లోపమన్నట్టు నడిచారు, చివరికి వీడి నెత్తి మీద కూడా ఇంకెవడిదో జుట్టే. కోపంతో పాటు నవ్వు కూడా ముంచుకొచ్చింది.

అప్పుడు ఆమెకు తమ్ముడి మెడ కనిపించింది. అధికారి ఫోటోను అతని మొహం పక్కన పెట్టి చూస్తున్నాడు. తమ్ముడు మెల్లగా గడ్డం పైకెత్తుతున్నాడు. కనుబొమలు లాగి, మెడ నరాలు బిగబట్టి, ఫోటోలోని వాడిలా ఉండటానికి ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి నిలబడ్డాడు. పెదాల మీద బిగుసుకుపోయిన నవ్వు. ఆ నిలబడటం ఎవరిదో ఆమెకు తెలుసు. అది ఎంత నొప్పో కూడా తెలుసు.

అమ్మ చేతిని మరదలికి అప్పగించి, గీత దాటి వెనక్కి నడిచింది.

"మీరు ఈయనకేమవుతారు?" అన్నాడు అధికారి.

"ఆ ఫోటోలో ఉన్నవాడు నాకేమీ కాడండీ. వాణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదు." ఆమె తమ్ముడి వైపు తిరిగింది. ఇన్ని రోజుల తర్వాత అతనితో నేరుగా మాట్లాడింది. "వీడు మాత్రం మా తమ్ముడు. ఒరేయ్, గడ్డం దించు."

తమ్ముడు దించాడు. దించగానే నవ్వు కూడా జారిపోయి, అలిసిపోయిన, వయసొచ్చిన, వాళ్ళ నాన్న పోలికలున్న మొహం మిగిలింది. అధికారి అతని పాస్‌పోర్టు తెరిచాడు. అందులో ఆఫీసువాళ్ళు ఎదురుగా కూర్చోబెట్టి తీసిన ఫోటో ఉంది. ఎవరూ దిద్దనిది, బట్టతలతో. ఆయన దాన్నీ, మనిషినీ మార్చి మార్చి చాలాసేపు చూశాడు.

"అక్కడ కూడా అడుగుతారు. ఈ మొహంతోనే నిలబడండి," అని కాగితాలు చేతిలో పెట్టాడు.

తమ్ముడు టోపీ నెత్తి మీద పెట్టుకోబోయాడు. వ్యానక్క దాన్ని లాక్కుంది. తీసుకెళ్ళి అమ్మ నెత్తిన పెట్టి చెవుల మీదికి లాగింది.

"అక్కడ చలి. నీకే కావాలి," అంది.

అమ్మ టోపీ తడుముకుంది. బోడి తలతో వస్తున్న కొడుకును, వాడి ముందు విసురుగా నడుస్తున్న కూతుర్నీ చూసి, ఏమీ అడక్కుండా చెయ్యి చాచింది. వ్యానక్క ఆ చేతిని పట్టుకుని మొదటి మెట్టు ఎక్కించింది.